ఒంటిరాయి నుంచి కూతవేటు

రెండోసారి కూడా నీళ్లు దొరకలేదు.

సూచి దుమ్ము కొట్టుకున్న బూట్లు గుమ్మం బయటే విప్పి, సాక్సులతో ఆఫీసులోకి వచ్చి గోడకెదురుగా నిలబడింది. గోడ నిండా ఒకే పటం. అడవి ఆకుపచ్చగా, కొండల ఎత్తులు చూపించే గీతలు గోధుమరంగులో, నడవడానికి అనుమతి ఉన్న దారులు ఎర్రగా. ఎర్ర దారులు పదకొండు. పన్నెండోది ఇంకా పెన్సిలు గీతే. అది సూచి గీసింది.

ఆమె అసలు పేరు వేరే. ఎక్కడ తీసుకెళ్లి వదిలినా ఉత్తరం ఎటో ఠక్కున చెప్పేస్తుందని ఆఫీసులో దిక్సూచి అన్నారు. పిలవడానికి పొడుగని సూచితో సరిపెట్టారు. మూడేళ్లు కౌంటర్లో కూర్చుని కొండలెక్కడానికి వచ్చేవాళ్లకి టిక్కెట్లు రాసింది. ఈ ఏడాది ఓనరుగారు "ఎప్పుడూ ఆ దారి బాగోలేదు, ఈ దారి బాగోలేదు అంటావుగా, నువ్వే ఒకటి గీసుకురా చూద్దాం" అన్నారు. ఎగతాళికే అన్నారు. సూచి నిజంగానే గీసుకొచ్చింది.

శుక్రవారం నాలుగింటికి రేంజరుగారు సంతకం పెడితే అది దారి. పెట్టకపోతే రబ్బరుతో చెరిపేస్తారు. సూచి మళ్లీ కౌంటర్లోకి.

ఇవాళ బుధవారం.

అడవి శాఖ నియమం చిన్నదే. ప్రతి నాలుగు గంటల నడకకి ఒకచోట నీళ్లుండాలి. ఆ నీళ్లు దారికి అరగంట నడక దాటి ఉండకూడదు. సూచి దారి జీపు ఆగే చదునులో మొదలవుతుంది. అది మొదటి మకాం. మూడున్నర గంటలు ఎక్కితే ఒంటిరాయి. కొండ అంచున మూడంతస్తుల మేడంత ఎత్తున ఒంటరిగా నిలబడ్డ రాయి. అక్కణ్ణించి ఇంకో మూడున్నర గంటలకి రెండో మకాం, దాని పక్కనే వాగు. మధ్యలో చుక్క నీరు లేదు.

ఉందని చెప్పింది ఒక్క పుస్తకమే. సూచి పెద్దనాన్న అడవి శాఖలో వాచరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన చేత్తో రాసుకున్న, అట్ట ఊడిన నోటుపుస్తకంలో ఒక వాక్యం ఉంది: 'ఒంటిరాయి నుంచి కూతవేటులో ఊట. ఎండల్లోనూ ఆరదు.'

కూతవేటు అంటే ఎన్ని మీటర్లు? రెండు వారాల క్రితం ఆఫీసులో దీనిమీద పెద్ద రగడే అయింది.

"మా మేనత్త వాళ్లింట్లో అరిస్తే మా ఇంట్లోకి వినపడేది. ఐదొందలేసుకో," అన్నారు ఓనరుగారు.

"కూసేదెవరన్నది చూడాలిగా సార్," అన్నాడు జీపు డ్రైవరు. అతన్ని అందరూ హారన్ అంటారు. జీపు హారన్ పాడై ఏడాదైనా బాగుచేయించడు, తల బయటపెట్టి తనే అరుస్తాడు. "నేను కూస్తే కిలోమీటరు. మీరు కూస్తే పక్క టేబులు."

"నోర్ముయ్."

"ఇప్పుడు కూడా పక్క టేబులుకి వినపడలేదు సార్."

ఆఖరికి సూచి మూడొందల మీటర్లని ఖాయం చేసి, వృత్తలేఖిని పెట్టి ఒంటిరాయి చుట్టూ సున్నా చుట్టింది. ఆ సున్నాలో ప్రతి బండ కిందా, ప్రతి పొద వెనకా ఆమే హారనూ వెతికారు. మొదటిసారి ఒక పాము కుబుసం దొరికింది. రెండోసారి ఎవరో పారేసుకున్న గొడుగు కాడ. తడి మట్టి మాత్రం చారెడు కూడా దొరకలేదు.

"మీ పెద్దనాన్న కలగన్నాడేమో," అన్నారు ఓనరుగారు ఇవాళ. ఆయన టేబులు పక్కన అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఒంటిరాయి ఫొటోతో కరపత్రాలు ముందే అచ్చు వేయించేశారు. "శుక్రవారం దాకా చూడు. తర్వాత నేను చూసుకుంటా."

ఆ 'నేను చూసుకుంటా' ఆమెకి నచ్చలేదు.

సూచి నోటుపుస్తకం తీసింది. ఇన్నాళ్లూ ఊట ఉన్న పేజీనే మళ్లీ మళ్లీ చదివింది. ఈసారి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.

వంగిన చెట్టు నుంచి గుహకి నూట నలభై అడుగులు. గుహ నుంచి దుప్పుల బాటకి ఆరొందల పది. దుప్పుల బాట నుంచి పాత కంచెకి రెండు వేల ఎనభై ఐదు. అన్నీ అడుగులే. పెద్దనాన్న అలాంటి మనిషి. మంచం నుంచి స్నానాల గదికి పధ్నాలుగు అడుగులని రోజూ వినిపించి పెద్దమ్మ చేత తిట్లు తిన్న మనిషి.

పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయింది. మొత్తం యాభై మూడు గుర్తులు. యాభై రెండింటికి అడుగుల లెక్క ఉంది.

ఒక్కదానికే కూతవేటు.

సూచి కుర్చీలో నిటారుగా కూర్చుంది. అడుగులు లెక్కపెట్టకుండా గుమ్మం దాటని మనిషి ఊట దగ్గరికి వెళ్తూ లెక్కపెట్టడం మర్చిపోయాడా?

"అన్నా, జీపు తీయ్," అంది. "మా పెద్దనాన్న ఇంటికి."

*

పెద్దనాన్న మోకాలి మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని, మంచం మీద కాళ్లు చాపి కూర్చున్నాడు. గోడకి ఆయన పాత యూనిఫాం బెల్టు వేలాడుతోంది.

"ఏమ్మా, దొరికిందా?"

"లేదు పెద్దనాన్నా."

"సరిగ్గా వెతికుండవు."

"రెండుసార్లు వెతికాను."

"నేను అబద్ధం రాశానంటావా?"

"అన్లేదు. ఒక్క మాట చెప్పు. రాయి దగ్గర్నుంచి ఊటకి ఎన్ని అడుగులు?"

పెద్దనాన్న వేడినీళ్ల సంచి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "కూతవేటని రాశాగా."

"అదే. మిగతా యాభై రెండూ అడుగుల్లో రాశావు. ఇదొక్కటే కూతలో రాశావు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

సూచి మంచం పట్టె మీద కూర్చుని గొంతు తగ్గించింది. "పెద్దనాన్నా, నువ్వక్కడికి వెళ్లలేదు కదూ?"

పెద్దనాన్న కిటికీ వైపు చూశాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు. తర్వాత దొంగ దొరికిపోయినట్టు నవ్వాడు.

"తలుపు దగ్గరగా వెయ్," అన్నాడు.

వేసింది.

"మా బీటు పధ్నాలుగు కిలోమీటర్లు. నేనూ బక్కోడూ ఇద్దరం వాచర్లం. రోజూ ఇద్దరం మొత్తం తిరగాలి, రిజిస్టర్లో రాయాలి. మధ్యలో ఆ లోయ ఉంది చూశావూ? దిగి ఎక్కాలంటే ప్రాణం లేచొచ్చేది. వాడి ఇల్లు అవతలి వైపు, మన ఇల్లు ఇవతలి వైపు. వాడు అటు నుంచి ఎక్కేవాడు, నేను ఇటు నుంచి ఎక్కేవాణ్ణి. నేను రాయి దగ్గర నిలబడి 'ఓయ్' అనేవాణ్ణి. వాడు అవతల ఊట దగ్గర నిలబడి 'ఓయ్' అనేవాడు. అటు సంగతులు వాడు చెప్పేవాడు, ఇటు సంగతులు నేను చెప్పేవాణ్ణి. ఇద్దరం రిజిస్టర్లో మొత్తం తిరిగినట్టు రాసేసేవాళ్లం."

"ఎన్నేళ్లు?"

"పంతొమ్మిది."

సూచి మళ్లీ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"నీళ్లున్నాయిరా అంటే, ఉన్నాయనేవాడు. మండుటెండల్లో అడిగినా ఉన్నాయనే అనేవాడు. వాడు ఏదున్నా ఉందనేవాడు, లేకపోతే లేదనేవాడు. ఆ మాట నమ్మి రాశాను. తిరగని చోట అడుగులెలా రాయను? అంత అబద్ధం మాత్రం నా చేత కాలేదు."

"ఆయన్నడుగుదామంటే..."

"ఎక్కడున్నాడు? పోయి ఆరేళ్లయింది." పెద్దనాన్న మోకాలు నిమురుకున్నాడు. "ఇదెవరికీ చెప్పకే. మీ పెద్దమ్మకి అస్సలు చెప్పకు. పధ్నాలుగు కిలోమీటర్లు తిరిగొచ్చానని చెప్పి రోజూ కాళ్లు పట్టించుకున్నాను."

తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ చేతిలో టీ గ్లాసులు.

"ఆహా, నాకు తెలీదనుకున్నావా?" అంది. "పధ్నాలుగు కిలోమీటర్లు తిరిగినోడివి మూడేళ్లకి కూడా చెప్పులు అరగలేదేం? పోనీలే, నోరు నొప్పి పుట్టి వచ్చాడు పాపం అని పట్టాను."

సూచి నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంది. పెద్దనాన్న ముఖం గోడకి తిప్పుకున్నాడు. అయినా సూచి వదల్లేదు.

"ఎటు తిరిగి అరిచేవాడివి?"

"పొద్దుటి ఎండ వీపుకి తగిలేది."

అంటే పడమర. "ఎంత గట్టిగా?"

"గట్టిగా ఎందుకు? అదే వింత. రాయికి ఎడమ పక్కన నిలబడి మామూలుగా కేకేస్తే చాలు. వాడికి చెవిలో చెప్పినట్టుండేదట. నాలుగడుగులు పక్కకి జరిగాడా, ఒక్క ముక్క వినపడేది కాదట."

సూచి గ్లాసు కింద పెట్టేసింది. చెవి పెట్టి వెతకాలన్నమాట. సున్నా చుట్టి వెతికితే ఇంకో పంతొమ్మిదేళ్లయినా దొరకదు.

*

గురువారం పొద్దున ఆరింటికి చదును దగ్గర జీపు ఆపారు. తొమ్మిదిన్నరకి ఒంటిరాయి చేరారు. హారన్ రాయికి ఎడమ పక్కన, ఎండ వీపుకి తగిలేలా నిలబడ్డాడు. ఎదురుగా లోయ. లోయ నిండా చెట్ల తలలు. లోయకి అవతల ఇంకో కొండ, దాని మొహం మీద అక్కడక్కడా నల్లటి బండలు.

"అయిదు నిమిషాలకొక కేక," చెప్పింది సూచి. "మొదటి కేకకి ఒకటి అను. రెండో కేకకి రెండు. అలా అంకెలు చెప్తూ పో. నాకు ఎక్కడ వినపడితే అక్కడ ఊట."

"వినపడకపోతే?"

"నువ్వు హారన్‌వి కాదని తేలుతుంది."

అతని పౌరుషం మీద దెబ్బ కొట్టి, తొమ్మిదీ నలభై ఐదుకి గడియారం చూసుకుని దిగడం మొదలుపెట్టింది.

ఒకటి వినపడింది. రెండు సగమే వినపడింది. మూడో కేక వినపడనే లేదు. చెట్లు శబ్దాన్ని మింగేశాయి. లోపల మెత్తటి ఆకుల పరుపు, నాచు పట్టిన మొద్దులు, పిట్ట రెక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రతి యాభై గజాలకీ ఒక కొమ్మకి పసుపు గుడ్డ పీలిక కడుతూ దిగింది. లోయ అడుగున ఎండిపోయిన వాగు దాటింది. అవతలి కొండ ఎక్కడం మొదలుపెట్టింది.

పదో కేక అయుంటుంది. పదకొండోదీ అయుంటుంది. గడియారం చూసుకుంటే తెలుస్తోంది తప్ప చెవికి ఏమీ తెలియడం లేదు.

పక్కకి జరిగింది. ఆగింది. విన్నది. మళ్లీ జరిగింది. ఒక బండ ఎక్కి నిలబడింది, ఏమీ లేదు. ఇంకో బండ ఎక్కింది, ఏమీ లేదు. చెమట కళ్లలోకి దిగుతోంది. ఇంకో గంటలో వెనక్కి తిరగకపోతే చీకటి పడేలోపు జీపు చేరడం కష్టం. పెద్దనాన్న నేస్తం కూడా ఎక్కడో చెట్టు నీడన కూర్చుని 'ఉన్నాయి, ఉన్నాయి' అని ఉంటే? ఇద్దరిలో ఒకరు తిరగనివాడైతే రెండోవాడు తిరిగాడని నమ్మకమేంటి?

ఆ అనుమానంతోనే మూడో బండ మీద కాలు పెట్టింది.

"...రవై రెండు! ఆకలేస్తోంది చెల్లెమ్మా!"

సూచి ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ఎవరూ లేరు. హారన్ పక్కనే నిలబడి మాట్లాడినట్టుంది. ఎదురు కొండ మీద అతను అగ్గిపుల్లంత కనిపిస్తున్నాడు. నాలుగడుగులు పక్కకి వేసింది. అతను చేతులూపుతూ అరవడం కనిపిస్తోంది గానీ మాట లేదు. మళ్లీ నాలుగడుగులు వెనక్కి వేసింది.

"వినపడుతోందా లేదా? గొంతు పోతే మా ఆవిడ పండగ చేసుకుంటుంది!"

సూచి నవ్వుతూ వెనక్కి తిరిగింది. వెనక బండ గిన్నెలా లోపలికి వంగి ఉంది. కేకని పట్టి చెవిలో పోస్తున్నది అదే. ఆ వంపు అడుగున నల్లటి తడి.

మూడు రాళ్ల పొయ్యి. రాళ్లకి ఇంకా మసి. కూర్చోడానికి ఈడ్చి వేసిన ఒక పలక రాయి, వాడుకకి నున్నబడింది. దాని పక్కనే బండ చీలికలోంచి చిటికెన వేలంత ధార.

లీటరు సీసా పెట్టింది. నలభై సెకన్లకి నిండింది. ఎండాకాలం ఆఖరి వారంలో కూడా నిండింది.

నీళ్లు తాగింది. ముఖం కడుక్కుంది. అప్పుడు కేకల్ని బట్టి టైము లెక్కేసుకుంది. ఆ నవ్వు కాస్తా పోయింది.

పదకొండూ ముప్పై ఐదు. ఇరవై రెండో కేక. రాయి దగ్గర్నుంచి ఇక్కడికి గంటా యాభై నిమిషాలు. వెతుకులాట తీసేసినా గంటకి తగ్గదు. నియమం అరగంట.

బండ మీద చతికిలబడి పటం పరిచింది. ఎదురు కొండ మీద ఒంటిరాయి ఎండలో మెరుస్తోంది, కరపత్రం మీద ఉన్నట్టే. దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత పటం మీద ఊట నుంచి వాగు జాడ వెంట కిందికి వేలు జరిపింది. వేలు చదును దగ్గర ఆగింది.

లేచి రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టుకుంది. "అన్నా! పసుపు పీలికలు చూసుకుంటూ వచ్చెయ్! వెనక్కి రాయి మీదుగా పోవడం లేదు!"

"మరెటు?"

"చూద్దాం!"

*

రేంజరుగారి గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. గోడ వారన పట్టుబడ్డ గొడ్డళ్లు, వాటికి చీటీలు. ఆవిడ కళ్లజోడు తాడుతో మెడకి వేలాడుతోంది. ముందున్న పటం మీద స్కేలు పెట్టి కొలిచింది.

"ఒంటిరాయి నుంచి ఊటకి ఏడొందల మీటర్లు."

"అంతే మేడం," ఓనరుగారు కుర్చీ అంచుకి జరిగారు. "పావుగంట నడక. కూతవేటు దూరం."

రేంజరుగారు సూచి వైపు చూసింది. "పావుగంటేనా?"

టేబులు కింద ఓనరుగారి బూటు సూచి కాలికి తగిలింది. ఇంకోసారి తగిలింది. అవునంటే చాలు. ఇప్పుడే సంతకం. ఈవిడ అంత ఎత్తెక్కి చూడబోదు. కానీ ఎండలో దాహంతో రాయి దగ్గరికి వచ్చే మనుషులు చూస్తారు. పావుగంటని నమ్మి లోయలోకి దిగుతారు.

"కాదు మేడం," అంది సూచి. "నాకు గంటా యాభై నిమిషాలు పట్టింది. స్కేలు మీద పక్కనే. మధ్యలో లోయ."

ఓనరుగారు కళ్లు మూసుకున్నారు.

రేంజరుగారు ఎర్ర పెన్సిలు తీసి, ఒంటిరాయి మీదుగా పోయే గీతని అడ్డంగా కొట్టేసింది. "ఇది కుదరదు."

"తెలుసు మేడం. ఇది చూడండి." సూచి సంచిలోంచి రెండో కాగితం తీసింది. "చదును నుంచి వాగు జాడ వెంట నేరుగా ఊటకి. నిన్న కిందికి మూడు గంటల పది నిమిషాలు పట్టింది. పైకెక్కడానికి మూడూ యాభై వేశాను. ఊట దగ్గర్నుంచి కొండ వెనకగా రెండో మకాంకి. ఒంటిరాయి దారిలో రాదు."

"రాయి రాదా?" ఓనరుగారి గొంతు కీచుమంది. "కరపత్రాలు..."

"ఒక్క నిమిషం." రేంజరుగారు కళ్లజోడు పెట్టుకుంది. "ఊట దాకా గీత ఉంది. అక్కణ్ణించి చుక్కలు పెట్టావేంటి?"

"అది నేను నడవలేదు మేడం."

"మరి ఎంత దూరం?"

"పటం మీద నాలుగు కిలోమీటర్లు. నేల మీద ఎంతో తెలీదు."

రేంజరుగారు చుక్కల వెంట పెన్సిలు మొన జరుపుకుంటూ పోయింది. ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది.

"ఇంతవరకూ నా దగ్గరికి పటాలు తెచ్చినవాళ్లంతా అన్నీ నడిచామన్నవాళ్లే," అంది. "సోమవారం పదింటికి రా. చుక్కలుండకూడదు. నాలుగు గంటలు దాటకూడదు. నాలుగూ ఒక్క నిమిషం అయినా ఈ దారి లేదు. సరేనా?"

"సరే మేడం."

బయటికి వచ్చాక ఓనరుగారు జీపు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"పావుగంటని నేనన్నానని ఎవరికీ చెప్పకు," అన్నారు చివరికి.

*

శనివారం మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి సూచి ఊట దగ్గర గడియారం చూసుకుని ముందుకి అడుగేసింది. హారన్ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. మెడకి మఫ్లరు చుట్టుకుని వెనకే వచ్చాడు.

మొదటి గంట సులువుగానే సాగింది. రెండో గంటలో ముళ్లపొదలు అడ్డొచ్చాయి, చుట్టు తిరగాల్సి వచ్చింది. మూడో గంటలో ఒక వరస బండలు. పటంలో ఆ బండల ఊసే లేదు. చేతులతో పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. బండల పైన చెట్ల మధ్య ఒక చదునైన చోటు, దాని నిండా తెల్లటి చిన్న పూలు. వాటి పేరు ఇద్దరికీ తెలీదు.

"కాసేపు కూర్చుందాం చెల్లెమ్మా."

"టైము లేదన్నా."

"మూడూ పది. ఇంకా యాభై నిమిషాలుంది."

"రెండో మకాం ఎంత దూరమో తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు. పద."

మూడూ ముప్పై. చెట్లు తప్ప ఏమీ లేదు. మూడూ నలభై. సూచి పరుగు లాంటి నడక అందుకోబోయి ఆగింది. పరిగెత్తితే ఆ టైము ఎవరికీ పనికిరాదు. కొండలెక్కడానికి వచ్చేవాళ్లలో పొట్టలున్నవాళ్లుంటారు, చంకలో కెమెరాలున్నవాళ్లుంటారు. మామూలు నడకే నడిచింది. హారన్ వెనక నుంచి సణుగుతున్నాడు.

అతనే ఆగాడు ముందు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"విను."

సూచి విన్నది. ఎక్కడో ముందు, ఎడమ పక్క కింద, నీళ్లు రాళ్ల మీద దొర్లుతున్న చప్పుడు.

వాగు ఒడ్డున రెండో మకాం జెండా కర్ర తాకి గడియారం చూసుకుంది. మూడూ యాభై రెండు.

వాగులో కాళ్లు పెట్టుకుని, మోకాళ్ల మీద పటం పరిచి, పెన్సిలు తీసింది. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి గీత కలపడం మొదలుపెట్టింది. ముళ్లపొదల దగ్గర గీత వంకర తిప్పింది. బండల దగ్గర చిన్న చిన్న మెట్లు వేసింది. పూలున్న చోట ఆగింది.

"ఇక్కడేమని రాయనన్నా?"

"కూర్చోనివ్వలేదని రాయి," అన్నాడు హారన్ బొంగురు గొంతుతో.